ప్రార్థన చేసే చేతికి శిక్షణ కూడా ఉండాలి

కోస్తా జిల్లాల్లోనైనా, తెలంగాణ పల్లెల్లోనైనా క్రైస్తవ కుటుంబంలో ఒకరికి నిద్ర పట్టక, తిండి సయించక, ఊరకే ఏడుపు వస్తుంటే ఇంటివారు చాలాసార్లు ముందుగా కబురు పెట్టేది పాస్టరుగారికే. సైకియాట్రిస్టు పేరెత్తితే పెళ్లి సంబంధాలు చెడతాయన్న భయం ఒకటి, పట్టణం దాకా పోయే ఖర్చు మరొకటి. సాధారణ మానసిక రుగ్మతలున్నవారిలో సుమారు 85 శాతం మందికి చికిత్స అందడం లేదని 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే తేల్చింది. అందుచేత క్రైస్తవ కౌన్సెలింగ్ ఉండాలా వద్దా అన్న చర్చకు కాలం చెల్లింది. అది ఏ శిక్షణతో జరుగుతున్నదో అడగాలి.

మతాన్ని కౌన్సెలింగ్ గది బయటే ఉంచాలనేవారున్నారు. కుంగిపోయిన మనిషి మీద కౌన్సెలర్ తన విశ్వాసాన్ని రుద్దుతాడేమోనన్న వారి భయం అర్థవంతమైనదే. అయితే బాధితురాలు తన వేదనను దేవుని పేరుతోనే చెప్పుకుంటున్నప్పుడు, ఆ మాట చెవిన పెట్టని కౌన్సెలర్ సగం జబ్బును వినకుండానే వదిలేసినట్టు.

1960లలో అమెరికా సైకియాట్రిస్టు ఆరన్ బెక్ రూపొందించిన కాగ్నిటివ్ థెరపీనే చూడండి. మనిషిని కుంగదీసే ఆలోచనలను పరీక్షించి సరిదిద్దే మాటల చికిత్స ఇది. ఒక ఇల్లాలు 'నేను పాపిని, అందుకే దేవుడు నన్ను వదిలేశాడు' అంటుంది. శిక్షణ పొందిన కౌన్సెలర్ ఆ మాటను కొట్టిపారేయడు, తొందరపడి ఓదార్చడు. ఆ ఆలోచన ఏ వేళ వచ్చింది, అంతకుముందు ఏం జరిగింది, అది నిజమనడానికి ఆధారమేమిటి, కాదనడానికి ఆధారమేమిటి అని నోటుపుస్తకంలో గళ్లు గీసి రాయిస్తాడు. ఆమె కోరుకుంటే ఆ చివరి గడిలో ఏలీయా కథకూ చోటుంటుంది. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో యెజెబెలు రాణికి భయపడి పారిపోయిన ఆ ప్రవక్త బదరీచెట్టు కింద కూర్చుని చావును కోరుకుంటాడు. దేవదూత అతణ్ణి మందలించడు, విశ్వాసం తగ్గిందనడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇస్తాడు, పడుకోనిస్తాడు, మళ్లీ లేపి తినమంటాడు. అంతటి ప్రవక్తకే అలాంటి రోజు వచ్చిందని చదువుకున్న ఇల్లాలికి తన కుంగుబాటు దైవశిక్ష కాదేమోనన్న ఆలోచన మొదలవుతుంది.

డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన హెరాల్డ్ కోనిగ్ బృందం, దీర్ఘకాలిక శారీరక వ్యాధితో పాటు కుంగుబాటు ఉన్న 132 మందిలో ఈ తరహా మాటల చికిత్సనే మతం జోడించీ, జోడించకుండానూ ఇచ్చి పోల్చి, రెండూ దాదాపు సమానంగా పనిచేశాయని 2015లో ప్రకటించింది. విశ్వాసం చికిత్సకు అడ్డు కాలేదని దీని అర్థం. ఇక్కడ మన సంఘాలు గమనించవలసింది మరొకటుంది: రెండు వైపులా నడిచింది చికిత్సా పద్ధతే, నడిపినవారు శిక్షణ పొందినవారే.

1970లో అమెరికా పాస్టరు జే ఆడమ్స్ ఇందుకు విరుద్ధమైన దారి చూపారు. శరీరంలో లోపం కనిపించని మానసిక బాధలకు మూలం చాలావరకు పాపమేనని, దానికి బైబిలే చాలునని ఆయన వాదం. ఆయన పేరు వినని మన ప్రార్థన కూటాల్లోనూ 'విశ్వాసముంటే మాత్రలెందుకు' అన్న మాట వినిపిస్తూనే ఉంటుంది. ఉద్రేకం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే బైపోలార్ జబ్బుకు లిథియం వాడుతున్న మనిషి ఆ మాట నమ్మి మాత్రలు ఆపేస్తే జబ్బు తిరగబెట్టడమే కాదు, ఆత్మహత్య ముప్పూ పెరుగుతుంది. మిషనరీ వైద్యురాలు ఐడా స్కడర్ స్థాపించిన వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో సైకియాట్రిస్టులు మందులు రాస్తారు, చాప్లిన్లు, అంటే ఆసుపత్రి పాస్టర్లు, ప్రార్థిస్తారు. ఒకటి రెండోదానికి అడ్డు రాదు.

అసలు తప్పు చర్చిది మాత్రమే కాదు, రాజ్యానిది కూడా. క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాగా, 'కౌన్సెలర్' అని బోర్డు కట్టుకోవడానికి ఆచరణలో అడ్డే లేదు. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కౌన్సెలర్లను కూడా తన పరిధిలోకి తెచ్చింది గాని, అమలు నత్తనడకన సాగుతోంది. తెలుగు రాష్ట్రాలు రెండూ ఈ రిజిస్ట్రేషన్లను వెంటనే పట్టాలెక్కించాలి. బైబిలు కళాశాలలు తమ విద్యార్థులను కొన్ని వారాలైనా మానసిక వైద్య వార్డుకు పంపి, ఏ లక్షణం కనిపిస్తే ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలో నేర్పించాలి. అంతవరకూ ఆగనవసరం లేని పని ఒకటుంది: తెలుగులోనూ ఉచితంగా మాట్లాడే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416ను వచ్చే ఆదివారమే ప్రతి సంఘమూ తన నోటీసు బోర్డు మీద రాయవచ్చు.