అరవై వేలు మైనస్‌లోకి ఎందుకు పోయింది?

మా అన్నయ్య కూతురు విశాఖలో ఇంజినీరింగ్ మొదటి ఏడాది చదువుతోంది. మొన్న ఆదివారం ఎంవీపీ కాలనీలోని మా ఇంటికి వచ్చి, అన్నం తింటూనే ఫోను నా ముందు పెట్టింది. "బాబాయ్, మా ల్యాబ్‌లో కంప్యూటర్‌కు గుణకారం రాదు, చూడండి" అంది. కొత్త విద్యార్థుల వేడుకకు చందా లెక్క అది. 300 మంది, తలకు 200 రూపాయలు. ల్యాబ్‌లోని పాతకాలపు నీలి తెర మీద సి భాషలో రాసి నడిపితే మొత్తం -5536 అని వచ్చిందట. అదే ప్రోగ్రాంను ఫోనులో నడిపితే 60000 అని సరిగ్గానే వచ్చింది. ల్యాబ్‌లో అడిగితే, "ఇంట్ తీసేసి లాంగ్ పెట్టుకో" అన్నారు, అంటే సంఖ్యకు చిన్న చోటు బదులు పెద్ద చోటు ఇవ్వమని. పెట్టుకుంది, లెక్క కుదిరింది, రికార్డులో ఎక్కించింది. పాఠం అయిపోయింది.

నా అభ్యంతరమంతా ఆ 'అయిపోయింది' దగ్గరే. ఆ అమ్మాయికి తెలియకుండానే కంప్యూటర్ శాస్త్రపు గుమ్మం దాకా వెళ్లింది. తలుపు తీసేవారు లేక వెనక్కి వచ్చింది.

ల్యాబ్‌లోని ఆ పాత కంపైలర్ (ప్రోగ్రాంను యంత్రం భాషలోకి మార్చే సాధనం) ఒక పూర్ణాంకానికి ఇచ్చే చోటు 16 బిట్లు, ఒక్కో బిట్టు ఒక గడి. పదహారు గడుల్లో సున్నాలు, ఒకట్లు ఎన్ని రకాలుగా పేర్చినా వచ్చేవి 65,536 అమరికలే. వాటిలో సగం రుణ సంఖ్యలకు పోతాయి కాబట్టి పైకి 32,767 దాకానే లెక్క. దాని తరువాతి సంఖ్య 32,768 కాదు, -32,768. పాత బండి మీటరు తొమ్మిదులన్నీ నిండాక సున్నాలకు తిరిగినట్టే, ఇక్కడ లెక్క చుట్టు తిరిగి కిందికి వచ్చేస్తుంది. 60,000 లోంచి 65,536 తీసివేయండి, అదే -5536. ఫోనులోని కంపైలర్ 32 బిట్లు ఇస్తుంది, ఆ హద్దు రెండు వందల కోట్లు దాటుతుంది. అక్కడ చందా లెక్క తప్పకపోవడానికి కారణం అంతే. తప్పు మాయమైపోలేదు, దూరం జరిగింది.

ఇదేదో విద్యార్థుల చిల్లర పొరపాటని తీసిపారేయడానికి లేదు. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి తొలిసారి ఎగిరిన ఆరియాన్-5 రాకెట్ సుమారు 40 సెకన్లలో ముక్కలైంది. ఆరియాన్-4 కోసం రాసిన ప్రోగ్రాంను కొత్త రాకెట్‌లోనూ వాడారు. కొత్తది మరింత వేగంగా పక్కకు సాగేది. ఆ వేగానికి సంబంధించిన 64 బిట్ల విలువను 16 బిట్ల పూర్ణాంకంలోకి కుదించబోతే పట్టలేదు. దారి చూపే యంత్రం ఆగిపోయింది. మా అమ్మాయి చందా లెక్క తప్పిందీ ఈ 32,767 దగ్గరే. ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె కళ్లలో కనిపించిన వెలుగు, ఐదు యూనిట్ల పాఠ్యప్రణాళికలో ఒక్క పూట కూడా కనిపించి ఉండదని నా నమ్మకం.

నేను అనేది ఇదే. కంప్యూటర్ శాస్త్రానికి పరిచయంగా పెట్టే తొలి కోర్సు తప్పు జవాబులతో మొదలవ్వాలి. సరైన జవాబు యంత్రం గురించి ఏమీ చెప్పదు. తప్పినప్పుడే అది లోపల ఎలా పనిచేస్తోందో బయటపడుతుంది.

ఇప్పుడు మన కళాశాలల్లో ఈ పరిచయం రెండు రూపాల్లో సాగుతోంది. ఒకటి, 'కంప్యూటర్ తరాలు ఐదు' బాపతు. మొదటి తరం వాక్యూం ట్యూబులు, రెండో తరం ట్రాన్సిస్టర్లు అంటూ పద్యంలా బట్టీ పట్టి, మౌస్, కీబోర్డు బొమ్మలు గీసి మార్కులు తెచ్చుకోవడం. విస్తృతి ఉంటుంది, విషయం ఉండదు. రెండోది, సి భాష వ్యాకరణాన్నే కంప్యూటర్ శాస్త్రమని అప్పగించేయడం. సెమికోలన్ ఎక్కడ పెట్టాలి, ఫర్‌కూ వైల్‌కూ తేడా ఏమిటి, పాయింటర్ నిర్వచనం రాయుము. సి భాష మీద నాకు కోపం లేదు. 1970ల మొదట్లో డెనిస్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో రూపొందించిన ఆ భాష యంత్రానికి బాగా దగ్గరగా ఉంటుంది, పై ఉదాహరణ దాని పుణ్యమే. కానీ వ్యాకరణం నేర్పి సాహిత్యం నేర్పామనుకుంటే ఎలా?

మొదటి ఏడాది రికార్డుల్లో దాదాపు తప్పక కనిపించే ప్రోగ్రాం ఒకటుంది. ఎటు చదివినా ఒకేలా ఉండే పదాన్ని గుర్తించే పాలిండ్రోమ్ ప్రోగ్రాం. ఇంగ్లీషులో 'మేడం' అని ఇచ్చి చూస్తారు, అవునంటుంది, సంతకం పడుతుంది. ఆ ఆదివారం మేం అదే ప్రోగ్రాంకు 'వికటకవి' అని ఇచ్చాం. తెనాలి రామకృష్ణుడి బిరుదు, రెండు వైపులా ఒకేలా చదవవచ్చని మనం చిన్నప్పటి నుంచీ మురిసిపోయే పదం. కాదు పొమ్మంది. పొడవు ఎంతని అడిగితే 21 అని చెప్పింది. కంటికి కనిపించేవి ఐదు అక్షరాలు!

ప్రపంచ భాషల అక్షరాలకు కంప్యూటర్‌లో సంకేతాలిచ్చే యూనికోడ్‌లో 'వి' ఒక అక్షరం కాదు. 'వ' ఒక సంకేతం, గుడి ఇంకొకటి. అలా ఏడు సంకేతాలు. ఇప్పుడు ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు (బైటంటే ఎనిమిది బిట్లు), అంటే మొత్తం ఇరవై ఒకటి. సి భాష లెక్కపెట్టేది బైట్లనే. సంకేతాలవారీగా తిప్పినా గుడి ముందుకు వచ్చి కూర్చుంటుంది, 'వ' వెనక్కి పోతుంది, కవిగారి పరువు పోతుంది. సమాచారాన్ని యంత్రంలో ఎలా నిలుపుతారన్న పాఠం ఇంతకంటే బాగా ఎలా చెబుతారో నాకు తెలియదు. శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో వచ్చి ఇక్కడ చదివే పిల్లలకు, తమ భాష కంప్యూటర్‌లో ఎలా కూర్చుందో చూపే పాఠం ఒక్కటీ లేకపోవడం వింతగా ఉంటుంది.

మిగతా పునాదులకూ ఊళ్లోనే సామగ్రి ఉంది. మెట్ల కింద ఒక స్విచ్చి, పైన ఒక స్విచ్చి, ఏది నొక్కినా దీపం మారుతుంది. అవును-కాదులతో నడిచే జార్జ్ బూల్ తర్కాన్ని 1937లో క్లాడ్ షానన్ విద్యుత్ స్విచ్చులకు ముడిపెట్టాడు, కంప్యూటర్‌లో కూడిక చేసే సర్క్యూట్‌లోనూ ఈ మెట్ల దీపపు తర్కమే ఉంది. గాజువాక నుంచి రుషికొండకు ఎన్ఏడీ కూడలి మీదుగా పోవాలా, సింధియా, పోర్టు రోడ్డు పట్టాలా అన్నది ఆటో డ్రైవర్ రోజూ తేల్చే ప్రశ్న. రాటర్‌డామ్ నుంచి గ్రోనింగెన్‌కు దగ్గర దారి ఏదన్న ఇలాంటి ప్రశ్నకే డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1956లో ఆమ్‌స్టర్‌డామ్ కాఫీ హోటల్లో, కాగితం పెన్సిలు లేకుండా ఇరవై నిమిషాల్లో పద్ధతి కనిపెట్టాడు. చివరగా, ఏ కంప్యూటర్‌కూ చేతకాని పని ఉందన్న సంగతి. ఏ ప్రోగ్రాం ఇచ్చినా అది ఎప్పటికైనా ఆగుతుందో లేదో తేల్చిచెప్పే ప్రోగ్రాంను ఎవరూ రాయలేరు. దీనికి పునాది 1936లో బ్రిటిష్ గణిత శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్ రాసిన పత్రం. నాలుగేళ్ల చదువు ముగిసినా ఈ మాట వినని పట్టభద్రులు నాకు తెలుసు.

ఇప్పుడే ఈ గొడవ ఎందుకంటే, రికార్డులోని ప్రోగ్రాంలన్నీ కృత్రిమ మేధ నిమిషంలో రాసిపెడుతోంది. 2025 అక్టోబర్‌లో గూగుల్ ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో ఇక్కడ ఏఐ కేంద్రం పెడతానని ప్రకటించింది, ఆ ఏడాదే రుషికొండ దగ్గర టీసీఎస్‌కు 99 పైసలకు భూమి ఇస్తామని ప్రభుత్వం చెప్పింది. దాంతో 'సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్) సీటు వచ్చిందా' అన్న ప్రశ్న పెళ్లిళ్లలో కుశలప్రశ్నగా మారింది. యంత్రం రాసిచ్చిన దానిలో తప్పెక్కడో పట్టగలిగినవాడికే ఇకపై గిరాకీ అని నా అంచనా. ఆ చూపు వ్యాకరణంతో రాదు.

అధ్యాపకుల వైపు నుంచి వచ్చే వాదన బలమైనదే. తరగతికి అరవై మంది, వారానికి ఇన్ని గంటలని బిగించిన పట్టిక, తలమీద యూనిట్లు. అన్నీ తాకుతూ పోతే ఏదీ లోతుగా రాదన్న భయమూ సబబే, తరాల బట్టీ పుట్టింది అలాగే. అందుకే అన్నీ చెప్పమని నేను అడగను. పాయింటర్ల లెక్కలు రెండో ఏడాదికి జరపండి, నాలుగైదు తప్పు జవాబులు తీసుకుని ఒక్కోదాని మీద రెండేసి వారాలు కూర్చోండి. పరీక్షలో 'సి భాష లక్షణాలు వివరించుము' బదులు 'ఈ ప్రోగ్రాం -5536 అని ఎందుకు చెప్పింది' అని ఒక్క ప్రశ్న పెట్టినా చాలు, పిల్లలు చదివే తీరు మారుతుంది. పరీక్షలో ఏది వస్తుందో దాన్నే చదవడం మన పిల్లలకు ఎవరూ నేర్పనక్కరలేదు కదా.

మా అమ్మాయి ఆ సాయంత్రమే గుణింతపు గుర్తును ముందున్న హల్లుతో కలిపి లెక్కపెట్టేలా ప్రోగ్రాం మార్చింది. వికటకవి గట్టెక్కాడు. తరువాత అక్షరాలు లెక్కపెట్టమని 'విశాఖపట్నం' ఇస్తే, 'ట్నం' దగ్గర మళ్లీ తప్పింది. పొల్లు వచ్చినప్పుడు తరువాతి హల్లును కూడా కలుపుకోవాలని తెలిసింది, అది ఎలా రాయాలో ఇంకా తేలలేదు. సోమవారం రికార్డు ఇవ్వాలని గుర్తొచ్చి దాన్ని పక్కన పెట్టి, ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాం కాపీ చేసుకుంటూ కూర్చుంది.