బీఎంఎస్ ఉండగా మళ్లీ కటాఫ్ ఎందుకు?

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో, ప్రాణహిత ఒడ్డు మిరపచేను. కరెంటు లైను అక్కడిదాకా రాలేదు. రేకుల షెడ్డులో సోలార్ ప్యానెళ్లతో నడిచే 5 కేవీఏ ఇన్వర్టర్, 51.2 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, అంటే నిండితే ఐదు యూనిట్లు. ఫ్రిజ్, లైట్లు, కెమెరా, ఒక హెచ్‌పీ మోటారు, అన్నీ దాని మీదే. ముసురు పట్టినప్పుడు బ్యాటరీ ఉన్నట్టుండి చచ్చినట్టు పడిపోతోందని రైతు మెకానిక్‌ను పిలిపించాడు. ఇన్వర్టర్‌లో లోడు ముందుగానే ఆగేలా కటాఫ్ సెట్టింగ్ మారుస్తానని అతననగానే పంచాయితీ మొదలైంది.

రైతు: బ్యాటరీ లోపలే బీఎంఎస్, అంటే సెల్స్‌కు కాపలా కాసే బోర్డు, ఉందని అమ్మినవాడే చెప్పాడు. సెల్లు 2.5 వోల్టులకు దిగితే అదే తెంపేస్తుందట. నువ్వేమో 20 శాతం దగ్గరే ఆపేస్తానంటున్నావు. ఐదు యూనిట్లకు పైసలు పెట్టి నాలుగే వాడుకోవాలా?

మెకానిక్: బీఎంఎస్ ఫ్యూజు లాంటిది కాకా. లైటు ఆర్పడానికి రోజూ ఫ్యూజు పీకుతామా? అది తెగిందంటే బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర మీటరు సున్నా చూపిస్తుంది. నీ ఇన్వర్టర్ బోర్డుకు ప్రాణం బ్యాటరీ నుంచే. అది అందకపోతే తెల్లారి ఎండ కాసినా ఛార్జింగ్ మొదలుకాదు. మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు అదే కదా జరిగింది? ప్యానెళ్ల మీద ఎండ దంచుతోంది, డిస్‌ప్లే మాత్రం నల్లగా ఉంది.

రైతు: వేరే ఛార్జర్ పెట్టి లేపావుగా. నష్టమేముంది?

మెకానిక్: ఆ రోజు దారి ఉంది, వచ్చాను. 2022 జులై వరద లాంటిది మళ్లీ వస్తే? లోడు తెంపాక కూడా బీఎంఎస్ తన బోర్డు కోసం సెల్స్ నుంచి కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటుంది. 2.5 దగ్గర సెల్లులో మిగిలేది అడుగు బొడుగే. వారాల తరబడి అలాగే వదిలేస్తే ఒకటిన్నరకు, ఇంకా కిందికి జారుతుంది. మరీ కిందికి దిగితే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. మళ్లీ ఛార్జి ఎక్కిస్తే ఆ రాగి ఇంకోచోట పేరుకుని లోపల్లోపలే షార్ట్ కావచ్చు. అంత దిగిన బ్యాటరీని బలవంతంగా లేపమంటే నేను ముట్టుకోను.

రైతు: ఊరికే భయపెట్టకు. పాత ట్యూబ్యులర్ బ్యాటరీలు ఉన్నప్పుడు ఇన్వర్టర్ 42 దగ్గర ఆగేది. ఇప్పుడూ అదే సెట్టింగ్ ఉంది. అది చాలదా?

మెకానిక్: 42ను ఈ బ్యాటరీలో ఉన్న 16 సెల్స్‌కు పంచు. ఒక్కోదానికి 2.6. అదీ సగటు. అందులో బలహీనమైన సెల్లు ఈలోపే 2.5కు దిగుతుంది, బీఎంఎస్ తెంపేస్తుంది. అంటే నీ ఇన్వర్టర్ కటాఫ్‌కు ఇన్నాళ్లూ పనే పడలేదు. 48 పెడదాం, సెల్లుకు 3 వోల్టులు. మళ్లీ లోడు కలిపేది 52 దగ్గర. లోడు తీయగానే వోల్టేజ్ లేస్తుంది కాబట్టి ఆ ఎడం ఉండాలి. లేకపోతే ఫ్రిజ్ ఆగుతూ మొదలవుతూ కొట్టుకుంటుంది.

రైతు: ఇక్కడ దొరికావు. సగం ఛార్జి ఉన్నప్పుడే మోటారు వేస్తే 52 కాస్తా 49కి పడడం నా కళ్లతో చూశాను. 48 పెడితే సాయంత్రం మోటారు వేసినప్పుడల్లా ఇన్వర్టర్ కూతపెట్టి ఆగిపోతుంది.

(ఈ మాట మీద నేను రైతు వైపే. కాగితం మీద సరిపోయిన కటాఫ్ మోటారు స్టార్టింగు దగ్గర తేలిపోవడం మామూలే.)

మెకానిక్: నిజమే, కానీ ఆ పడడంలో చాలావరకు ఈ కేబుల్ పాపం. ఇది 16 స్క్వేర్ ఎంఎం. 5 కేవీఏకు నిండా లోడు పడితే 100 ఆంపియర్లు లాగుతుంది, 35 వేయాలి. కేబుల్ కొసన బిగించిన ఈ లగ్గు చూడు, తొడుగు కాలి గోధుమరంగుకు తిరిగింది. నట్టు వేలితో తిప్పినా తిరుగుతోంది. అసలు ఈ బ్యాటరీ ఎంత మిగిలిందో వోల్టేజ్ చూసి చెప్పలేం. 80 శాతం దగ్గర 53 ఉంటే, 30 దగ్గర కూడా 51న్నర దాకా ఉంటుంది. అందుకే బీఎంఎస్ నుంచి ఇన్వర్టర్‌కు లెక్క చేరవేసే ఆర్‌ఎస్485 వైరు కలిపి, మిగిలిన ఛార్జి శాతం చూసి ఆగేలా పెడతాను.

రైతు: శాతమా! పోయిన ముసురులో 31 చూపిస్తుండగానే చీకటైంది. దాన్ని నమ్మమంటావా?

మెకానిక్: అప్పుడు ఎన్ని రోజులుగా ఫుల్ ఛార్జి కాలేదో గుర్తుందా? అది వచ్చిన ఆంపియర్లు, పోయిన ఆంపియర్లు కూడి తీసి వేసే లెక్క. కెమెరా లాంటి చిన్న లోడ్లు దానికి సరిగా అందవు. ఆ తప్పు రోజురోజుకూ పేరుకుంటుంది. ఫుల్ అయినప్పుడే అది 100కు సరిచూసుకుంటుంది.

రైతు: వోల్టేజ్ అబద్ధం, శాతం అబద్ధం. మరి దేన్ని చూసి ఆపుతావు?

మెకానిక్: రెండూ పెడతాను. 20 శాతం గానీ 48 గానీ, ఏది ముందొస్తే అక్కడ ఆగుతుంది. శాతం తప్పినప్పుడు వోల్టేజ్ పట్టుకుంటుంది. నువ్వు పోయిందనుకుంటున్న ఆ ఒక్క యూనిట్ ఎక్కడికీ పోదు. లోడు ఆగాక ఇన్వర్టర్ బోర్డు, డిస్‌ప్లే 10 వాట్లు తాగాయనుకో, నాలుగు రోజులు కాస్తుంది. ఆలోపు మబ్బు కాస్త విడినా ప్యానెళ్లు అందుకుంటాయి.

రైతు: వానాకాలానికి సరే. ఫిబ్రవరి, మార్చిలో కాయ ఏరేటప్పుడు ఎండకు కొదవలేదు. కూలీలు షెడ్డులోనే పడుకుంటారు, తెల్లవార్లూ ఫ్యాన్లు తిరగాలి. అప్పుడు 10 శాతం పెట్టాల్సిందే.

మెకానిక్: పెడతాను, మోటారు మాత్రం పొద్దుండగానే వేసుకోవాలి. ఇంకోటి, కాపు అయిపోయి షెడ్డుకు తాళం వేసేటప్పుడు బ్యాటరీలో సగం ఛార్జి ఉంచి బ్రేకర్ దించెయ్యి.

రైతు: కెమెరా ఆగిపోదా? పైపులు ఎత్తుకుపోతే నువ్విస్తావా?

మెకానిక్: కెమెరాకు చిన్న ప్యానెల్, చిన్న బ్యాటరీ విడిగా పెట్టుకో. దానొక్కదాని కోసం ఈ ఇన్వర్టర్ ఆన్‌లో ఉంటే ఖాళీగానే 50 వాట్లు తింటుంది. రోజుకు 1.2 యూనిట్లు.

రైతు: అది తర్వాతి ముచ్చట. ముందు ఆ 35 కేబుల్ ఎంతవుతుందో చెప్పు. మీటరు రేటు కాదు, లగ్గులు, నీ కూలీ అన్నీ కలిపి.