చిన్న మార్పు గారికి, బొమ్మలు వేసుకునే మనిషి రాయునది

గౌరవనీయులైన చిన్న మార్పు గారికి,

నమస్కారాలు. మీ క్షేమం అడగక్కర్లేదు, రోజు మార్చి రోజు కనబడుతూనే ఉన్నారు. రాత్రి పదిన్నర దాటాక వాట్సాప్‌లో "అండీ, అందరికీ తెగ నచ్చేసింది, ఒక్క చిన్న మార్పు" అంటూ దిగుతారు. ఆదివారం పొద్దున్నే వాయిస్ మెసేజ్‌లో వస్తారు, వెనకాల కుక్కర్ విజిల్ వేస్తుంటుంది. పని ఒప్పుకున్న రోజు, అడ్వాన్స్ వేసిన రోజు మాత్రం మీ జాడే ఉండదు. ఆ రోజు అందరూ "మీకు పూర్తి ఫ్రీడమ్ అండీ, మీ స్టైల్లో మీరు వేసేయండి" అంటారు. ఆ మాట చెవిన పడగానే నాకు అర్థమైపోతుంది, మీరు ఎక్కడో బయల్దేరారని.

నేను ఫ్రీలాన్స్‌గా బొమ్మలు వేస్తాను. పుస్తకాల అట్టలు, పిల్లల బొమ్మల పుస్తకాలు, అప్పుడప్పుడు ఎవరిదో ఒకరి షష్టిపూర్తి సంచిక. నెత్తిన బాస్ ఉండడు, హాయిగా ఉంటుందని అందరూ చెప్పారు. మీ గురించి మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

మీరు ఎవరి సంతానమో నాకు ఇప్పటికీ తేలలేదు. ప్రచురణకర్తని అడిగితే "నాకైతే డబుల్ ఓకే అండీ, రచయితగారే ఏదో అన్నారు" అంటారు. రచయితగారికి ఫోన్ చేస్తే "అబ్బే, నేను కాదు, మా ఆవిడ చూసి అంది" అంటారు. ఆవిడ కూడా సొంతంగా అన్నది కాదట, బెంగళూరులో ఐటీలో ఉన్న తమ్ముడికి పంపిస్తే వాడికి ఎడమపక్క కాస్త ఖాళీగా అనిపించిందట. ఆ తమ్ముడికి ఇది పుస్తకం అట్ట అని, ఆ ఖాళీలో పుస్తకం పేరు వస్తుందని ఎవరూ చెప్పలేదు. ఇంతకీ మిమ్మల్ని కన్నామని ఒప్పుకునేవాళ్ళు ఒక్కరూ లేరు, పెంచి పోషించేది మాత్రం నేను.

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పండి. రఫ్ పంపినప్పుడు మీరెక్కడుంటారు?

మా పని వరస మీకు తెలియదని కాదు, అయినా చెబుతాను. ఇరవై నాలుగు పేజీల పిల్లల పుస్తకమనుకోండి, ముందు అగ్గిపెట్టెలంత గళ్ళు గీసి ఏ పేజీలో ఏం జరుగుతుందో చూసుకుంటాం. తర్వాత పెన్సిల్ రఫ్: మనిషి ఎక్కడ, చెట్టు ఎక్కడ, అక్షరాలకి చోటెక్కడ. దాన్ని ఓకే చేశాక లైను, లైను అయ్యాక రంగు. రఫ్ దశలో ఒక ఏనుగుని తీసేసి ఇంకో ఏనుగుని పెట్టాలన్నా రబ్బరు ముక్క ఉంటే చాలు. మీరు రావాల్సింది అక్కడికి. నేను కుర్చీ వేసి, మంచినీళ్ళు పెట్టి ఎదురుచూసేది కూడా అక్కడే. కానీ రఫ్ పంపితే అవతలి నుంచి ఒక బొటనవేలి బొమ్మ వస్తుంది, అదీ పంపిన ఐదు సెకన్లకి, ఫైలు డౌన్‌లోడ్ అయ్యేలోపే. "ఇది పెన్సిలే కదండీ, రంగులు పడ్డాక చూద్దాం" అంటారు. రంగులు పడతాయి. మీరు పడతారు.

పోయినేడాది సంగతి గుర్తుందా? ఒక పాప, దాని మేకపిల్ల. కథ బాగుంది, ఇష్టంగా వేశాను. మేకపిల్ల పొరుగింటి చిక్కుడు పాదు మేసేస్తుంది, పిట్టగోడెక్కి కూర్చుంటుంది, సంతలో తప్పిపోతుంది, అక్కడొక కసాయి దాన్ని చూసి బేరం మొదలెడతాడు, పాప ఏడుస్తూ వచ్చి పట్టుకుపోతుంది. రంగులన్నీ అయ్యాక ఫోనొచ్చింది. "అండీ, మేకని కుక్కపిల్లని చేసేయగలరా? కుక్కపిల్లయితే సిటీ పిల్లలు బాగా కనెక్ట్ అవుతారంటున్నారు మావాళ్ళు. మిగతాదంతా అలాగే ఉంచండి, చిన్న మార్పే."

మిగతాదంతా అలాగే ఉంచాను స్వామీ. కుక్కపిల్ల చిక్కుడు పాదు మేసింది. కసాయి కుక్కపిల్లని బేరమాడాడు. నాకు అన్నిటికంటే ప్రాణం తీసింది ఆ మొదటి పేజీ. వాన వెలిసిన వాకిట్లో, తడిమట్టి మీద, మేక గిట్టల గుర్తులు గుమ్మం నుంచి పాదు దాకా వరసగా వేసుకున్నాను. గిట్ట గుర్తంటే రెండుగా చీలి, మధ్యలో సన్నటి గట్టు నిలబడి, ఆ గుంటలో చుక్క నీళ్ళు నిలిచి, ఆ నీళ్ళలో కాస్త ఆకాశం. కుక్క పాదమైతే నాలుగు వేళ్ళు, కింద ఒక మెత్త. ఒక్కొక్క గుర్తూ చెరిపి, మళ్ళీ మట్టి వేసి, మళ్ళీ తొక్కించి, మళ్ళీ నీళ్ళు నింపి, మళ్ళీ ఆకాశం వేశాను. "కంప్యూటరే కదండీ చేసేది" అన్నారు మీ తరపు మనిషి.

పుస్తకం అచ్చయి వచ్చింది. తీసి చూస్తే కుక్కపిల్ల పిట్టగోడ మీద నిలబడి "మే... మే..." అంటోంది. ఏమైందంటే, పేజీలు కూర్చే డీటీపీ ఆయన పాత కథని 'అను' అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లలో ముందే కూర్చేశాడు. మార్చిన కథ ఫోన్లలో వాడే యూనికోడ్ తెలుగులో, మెయిల్లో వెళ్ళింది. దాన్ని యథాతథంగా తెచ్చి అక్కడ పెడితే అక్షరాలు చెదిరిపోతాయి, అయితే కన్వర్టర్‌లో వేసి సరిచూడాలి, లేదా మళ్ళీ టైపు కొట్టాలి. ప్రెస్సు వాళ్ళేమో ఫైలు ఇవ్వమని నెత్తిన కూర్చున్నారు. బొమ్మల్లోకి వచ్చిన మీరు అక్షరాల్లోకి వెళ్ళడం మర్చిపోయారన్నమాట. పిల్లలకి మాత్రం ఆ పుస్తకంలో తెగ నచ్చింది ఆ పేజీయేనట.

ఇంత తిడుతున్నానని మార్పంటేనే గిట్టదనుకోకండి. ఒక సంపాదకురాలు ఉన్నారు, రఫ్‌లని కళ్ళద్దాలు పెట్టుకుని చూసే మనిషి. ఒక పేజీలో అవ్వ ఊరెళ్ళిపోతుంటే మనవడు గుమ్మంలో నిలబడి చూస్తుంటాడు. అవ్వ ఏడుపు మొహం వేశాను. ఆవిడ ఫోన్ చేసి "అవ్వని అటు తిప్పేస్తే ఎలా ఉంటుందంటావమ్మా? వీపు, చేతిలో సంచీ, అంతే" అన్నారు. తిప్పాను. ఇక పేజీ అంతా మనవడిదైపోయింది, వాడి మొహమొక్కటే అవ్వ మొహం పనీ చేసింది. అదీ మార్పంటే. దాన్ని ఎవరూ చిన్నదనలేదు, ఫ్రీగా చేసిపెట్టమనీ అనలేదు, ఆవిడ మాటని ఇంకెవరి మీదకీ తోసేయలేదు. ఆవిడ మీకు దూరపు చుట్టం కూడా అయ్యుండరు.

మీకేమో పెద్దవాళ్ళ పేర్లంటే మోజు. "బాపుగారి బొమ్మలా ఉండాలండీ" అని మొదలెడతారు. సంతోషం. బాపుగారి గీత నిలబడేదే ఖాళీ మీద. నాలుగు గీతల్లో ఆడపిల్ల వాలుచూపు తేల్చేసి కుంచె పక్కన పెట్టేసే మనిషి. ఆయనలా వేసిచ్చాక మీరొచ్చి వెనక ఒక కొండ, కొండ మీద గుడి, గుడి మీద నెమలి, నెమలి పక్కన స్పాన్సర్ లోగో అడుగుతారు. ఒక్కోసారి అనుకుంటాను, చందమామ రోజుల్లో మీరు విక్రమార్కుడి బొమ్మ వేసే శంకర్ గారి దగ్గరికి వెళ్ళి ఉంటే ఏం జరిగేదా అని. కత్తి పట్టిన విక్రమార్కుడు, భుజాన శవం, నెలనెలా అదే తలకట్టు. "సార్, సూపర్ సార్. కాకపోతే శవం కాస్త నెగెటివ్‌గా ఉంది, భుజం మీద కాకుండా పక్కన నడిస్తే?" అనేవారు. ఆయన 2020లో తొంభై ఆరేళ్ళు నిండాకే వెళ్ళిపోయారు. వాట్సాప్ లేని కాలంలో సగం పైన బొమ్మలు వేసుకున్న అదృష్టవంతుడు.

ఈమధ్య మీరు ఏఐ బొమ్మ ఒకటి చంకన పెట్టుకుని మరీ వస్తున్నారు. "జస్ట్ రిఫరెన్స్‌కే అండీ, నిమిషంలో వచ్చేసింది" అని. అందులో ఆవిడ పైట కొంగు వెళ్ళి ఆవు తోకలో కలిసిపోయి ఉంటుంది, కొట్టు బోర్డు మీద తెలుగులా కనిపించేది ఏ భాషో ఆ దేవుడికే తెలియాలి. దాని గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం, బీపీ వస్తుంది.

అట్టల దగ్గర మీ తీరు వేరు. పుస్తకం వెన్ను, అంటే మందం కనిపించే పక్క, కొలత తీసుకుని, ముందట్ట వెనకట్ట కలిపి ఒకే షీటుగా వేసిచ్చాక, "ముందుమాటలు ఇంకో మూడొచ్చాయండీ, కొంచెం పేజీలు పెరిగాయి" అంటారు. ఆ కొంచెం మూడు ఫారాలు, అంటే 48 పేజీలు, మామూలు 70 జీఎస్ఎం పుస్తకాల కాగితం మీద వెన్ను రెండు మిల్లీమీటర్లు లావెక్కుతుంది. పేరు పక్కకి జరుగుతుంది, మధ్యలో ఉండాల్సిన దీపం మడతలో పడి నలుగుతుంది. రంగుల సంగతి సరేసరి. ఫోన్ తెరకి వెనక నుంచి వెలుగొస్తుంది, కాగితానికి రాదు. మీరు మురిసిపోయిన ఆ నెమలి నీలం నాలుగు ఇంకుల్లో అచ్చుకెళ్తే కాస్త చప్పబడే తీరుతుంది. ముందే చెబుతాను, ప్రూఫ్, అంటే అచ్చు నమూనా, చూడమంటాను. ప్రూఫ్‌ని ఫోన్లో ఫొటో తీసి, ఆ ఫొటోని ఫ్యామిలీ గ్రూపులో పెట్టి, "డల్‌గా ఉందంటున్నారండీ" అంటారు.

ఇక అసలు విషయం. మీ గుట్టు నాకు దొరికింది చిన్న మార్పు గారూ. ఒప్పందంలో ఒక్క వాక్యం చేర్చాను: రంగులు వేశాక రెండుసార్లు మార్పులు ఉచితం, ఆ తర్వాత పేజీకి ఇంత. అంకె పెద్దదేం కాదు, ఇద్దరు కూర్చుని మంచి హోటల్లో భోంచేస్తే అయ్యేంత. మేక-కుక్క పుస్తకం రెండో ముద్రణకి వెళ్తుందని మళ్ళీ ఫోనొచ్చింది. "కుక్క మే అనడం ఏం బాలేదని టీచర్లు అంటున్నారండీ, మళ్ళీ మేకనే పెట్టేద్దామా? పాత ఫైల్ మీ దగ్గర ఉండే ఉంటుంది, చిన్న మార్పేగా." ఉందన్నాను. మేక ఒక్కటీ విడిగా ఒక లేయర్‌లో, అంటే ఒక పొరలో, కూర్చుని లేదు, నీడలు, గుర్తులు, పాప చూపు తిరిగే వైపు అన్నీ తిప్పాలి, పేజీకి ఇంతవుతుందన్నాను. అవతల కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత "అయినా కుక్కే బాగుందిలెండి, పిల్లలు నవ్వుకుంటున్నారు కదా" అన్నారు. టీచర్లు ఏమైపోయారో తెలీదు. రేటు వినగానే ఆ రచయితగారి బెంగళూరు బావమరిది కళ్ళకి కూడా ఎడమపక్క ఖాళీ కనిపించడం మానేసింది. చూపు మెరుగుపడటానికి ఇంత చవకైన వైద్యం ఇంకోటి ఉండదు.

అందుకే కదా మీకు కాగితమంటే పడదు. "మన మధ్య అగ్రిమెంట్లేంటండీ" అంటారు. తప్పదని కాగితం పెడితే దాంట్లోకి కూడా దూరతారు. హక్కులు ఎన్నాళ్ళకో రాయకపోతే ఐదేళ్ళకేనని 1957 నాటి కాపీరైట్ చట్టం చెబుతుంది, నేను రాసేది కూడా ఐదేళ్ళనే. తిరిగొచ్చేసరికి అక్కడ "శాశ్వతంగా" అని ఉంటుంది. ఆ ఒక్క మార్పుకి మాత్రం ఫోనూ రాదు, వాయిస్ మెసేజూ రాదు.

ఇంకో అనుమానం కూడా ఉంది, తప్పయితే చెప్పండి. చిన్న వ్యాపారాల కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యం పోర్టల్లో నమోదు చేసుకున్న నాలాంటి వాళ్ళకి 2006 నాటి ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ఒక రక్షణ ఇచ్చింది. పని అందుకుని ఒప్పుకున్నాక, రాతలో ఏమున్నా సరే, 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలి, దాటితే రిజర్వు బ్యాంకు చెప్పే బ్యాంకు రేటుకి మూడు రెట్లు చొప్పున చక్రవడ్డీ. అయితే అందులోనే ఇంకో ముక్క ఉంది. పని చేతికొచ్చిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, అది తీర్చిన రోజు నుంచే ఆ లెక్క మొదలవుతుంది. అది చదివాక మీ రాకపోకల వేళలన్నీ ఒక్కసారిగా అర్థమైనట్టు అనిపించింది. నాకు తెలియక బెంగళూరు బావమరిదిని, పాపం, ఊరికే ఆడిపోసుకున్నాను. మీరు అకౌంట్స్ సెక్షన్లో పర్మనెంట్ ఉద్యోగి అయ్యుంటారు, కదూ? పన్ను కింద ముందే పట్టుకునే టీడీఎస్ పది శాతం మాత్రం ఏ మార్పూ లేకుండా, ఏ రౌండూ అవసరం లేకుండా, మొదటిసారే ఎంత పర్ఫెక్ట్‌గా కోస్తారో చూస్తే ముచ్చటేస్తుంది.

ఇంతకాలం మీరు చెప్పినవన్నీ నేను చేశాను, ఈసారి నాకోసం మీరొకటి చేసిపెట్టండి. అదే ఆఫీసులో, మూడో బీరువా పక్క కంప్యూటర్లో, నా ఇన్వాయిస్ ఎదురుగా ఒక గడి ఉంటుంది. అందులో పెండింగ్ అని ఉంది. దాన్ని పెయిడ్ అని చేయించండి. మిగతాదంతా అలాగే ఉంచండి, కంప్యూటరే కదండీ చేసేది.

ఇట్లు,
తమ పోషకురాలు

తా.క.: వచ్చే పుస్తకం రఫ్‌లు నిన్న పంపాను. ఐదు సెకన్లలో బొటనవేలు వచ్చింది.