సవరణ: ఇమ్మిగ్రేషన్ కోర్టులో 'హియర్‌సే' అభ్యంతరం

అమెరికాలో ఇమ్మిగ్రేషన్ న్యాయవాదులకు కోర్టు వాదనలో ఇచ్చే శిక్షణ గురించి ఇంతకుముందు రాసినప్పుడు, ఫెడరల్ సాక్ష్య నిబంధనలు ఆ కోర్టుల్లోనూ యథాతథంగా వర్తిస్తాయనీ, కాబట్టి 'హియర్‌సే', అంటే విన్నమాట, అని అభ్యంతరం చెబితే పత్రాన్ని తిరస్కరిస్తారనీ పేర్కొన్నాను. అది తప్పు. ఆ కోర్టులు న్యాయవ్యవస్థలో భాగం కావు, ప్రభుత్వంలోని న్యాయశాఖ పరిధిలోనివి. బహిష్కరణ విచారణల్లో ఆ నిబంధనలను కచ్చితంగా పాటించనక్కర్లేదు. సాక్ష్యానికి నిరూపణ విలువ ఉందా, దాన్ని వాడటం ప్రాథమికంగా న్యాయమేనా అన్నవే 'మ్యాటర్ ఆఫ్ టోరో' కేసులో ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు 1980లో ఇచ్చిన నిర్ణయం చెప్పిన ప్రమాణాలు.

అందువల్ల నమూనా విచారణలో బహిష్కరించదగినవారని భావించిన వ్యక్తి వివరాలతో ఇమ్మిగ్రేషన్ అధికారి నింపిన ఐ-213 ఫారం ముందుకొచ్చినప్పుడు, శిక్షణ పొందుతున్న న్యాయవాది లేచి 'హియర్‌సే' అని కూర్చుంటే చాలదు. అందులోని ఏ వాక్యం ఎవరు చెప్పగా రాశారో, ఏ భాషలో అడిగారో, దుబాసీ ఉన్నారో లేదో ఒక్కొక్కటిగా ఎత్తి చూపి, రాసిన అధికారిని ప్రశ్నించే అవకాశం ఇమ్మని కోరాలి. తెలుగు మాత్రమే వచ్చిన మనిషి ఇంగ్లిషులో ధారాళంగా జవాబులిచ్చినట్టు ఫారంలో ఉంటే, నా దృష్టిలో వాదనకు అంతకన్నా గట్టి ఆధారం అరుదు.

సొంత సాక్షిని, జవాబును ప్రశ్నలోనే అందిస్తూ 'మీరు భయపడి పారిపోయారు కదా' అని కాకుండా 'ఆ రాత్రి ఏం జరిగింది' అని అడగాలన్న భాగంలో మార్పు లేదు. నా మాట నమ్మి అభ్యంతరాలు సిద్ధం చేసుకున్నవారిని మనస్ఫూర్తిగా క్షమాపణ కోరుతున్నాను.