సవరణ: 1833 చట్టం నెల్లూరుకు వర్తించలేదు

నెల్లూరు జిల్లాలో బానిసత్వం 1833 బ్రిటిష్ చట్టంతో పోయిందని నా మొన్నటి పోస్టులో ఉంది. అది సరి కాదు. ఆ చట్టం ఈస్టిండియా కంపెనీ ప్రాంతాలను మినహాయించింది. నెల్లూరు 1801 నుంచే కంపెనీ ఏలుబడి. భూస్వాముల ఆచారాల జోలికెళితే శిస్తుకు ఇబ్బందని కంపెనీ అధికారుల్లో చాలామంది భయం. కంపెనీ ప్రభుత్వం తెచ్చిన 1843 చట్టం కూడా ప్రధానంగా బానిస మీద యజమాని హక్కును కోర్టులు గుర్తించకూడదంది. మనుషుల్ని కొనడం, అమ్మడం నేరమైంది 1862లో భారత శిక్షాస్మృతి అమల్లోకి వచ్చాకే.

ఆ పోస్టులో పాలేరుతనాన్నీ బానిసత్వంతో కలిపి రాశాను; అలా కలపొద్దని కొందరు రాశారు. జీతం మాట్లాడుకుని, ఏడాది కాగానే వెళ్లిపోగలిగిన పాలేరు విషయంలో ఒప్పుకుంటాను. తండ్రి చేసిన అప్పుకు పిల్లాణ్ణి గొడ్ల కాడ పెట్టి, వాడి కష్టమంతా వడ్డీ కిందే జమకట్టుకుంటే మాత్రం అది వెట్టే. 1976 వెట్టిచాకిరి రద్దు చట్టం ఆ అప్పునే రద్దు చేసింది. పోస్టులో ఆ భాగం మార్చడం లేదు.