రాత్రి రెండింటికి లేచేదెవరు?

మంచాన పడ్డ మనిషిని దాదాపు రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. లేకపోతే నడుము కింద, మడమల దగ్గర చర్మం కంది పుండు పడుతుంది. అది ముదిరితే మానడానికి నెలలు పడుతుంది. అందుకే పన్నెండుకీ, రెండింటికీ, నాలుగింటికీ ఎవరో ఒకరు లేవాల్సిందే. చాలా ఇళ్లలో ఆ లేచే మనిషి, జీతానికి వచ్చిన పాతికేళ్ల అమ్మాయి. తెల్లారాక డైపర్ మార్చేదీ, స్నానం చేయించేదీ, మందులు వేసేదీ, ముద్దలు తినిపించేదీ ఆమే. ఆమె నిద్ర ఎవరి లెక్కలోకీ రాదు.

పెద్దల హక్కులు, యువత పని పరిస్థితులు అనగానే చర్చంతా రిటైర్మెంట్ వయసు మీదికి పోతుంది. పెద్దలు కుర్చీలు ఖాళీ చేస్తే పిల్లలకు ఉద్యోగాలొస్తాయని చాలామంది గట్టిగా నమ్ముతారు. ఫ్రాన్స్ 1982లో ఆ వయసును 65 నుంచి 60కి తగ్గించింది. ఆ తర్వాతి ఏళ్లలో యువతలో నిరుద్యోగం తగ్గకపోగా పెరిగింది. ఉద్యోగాలు ఇన్నేనని గీత గీసినట్టు ఉండవు. సంపాదించే పెద్దవాళ్లు ఖర్చూ పెడతారు, ఆ ఖర్చుతో ఇంకొకరికి పని పుడుతుంది. కాబట్టి ఆ గొడవను ఇక్కడితో వదిలేస్తాను.

రెండు తరాల హక్కులు నిజంగా ఎదురుపడేది ఆ మంచం దగ్గరే. గౌరవంగా, ఆలనాపాలనతో బతికే హక్కు వృద్ధులకుందని ఐక్యరాజ్యసమితి 1991లోనే సూత్రాలు రాసింది. ఇళ్లలో పనిచేసేవారికి వారానికి కనీసం 24 గంటలు ఏకధాటిగా సెలవుండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఒప్పందం తెచ్చింది. దాన్ని ఇప్పటికీ చాలా దేశాలు ఆమోదించలేదు. 24 గంటలూ కనిపెట్టుకుని ఉండే పనిని ఒక్క మనిషి మీద పెడితే, ఈ రెండు మాటల్లో ఒకటి తప్పక అబద్ధమవుతుంది.

బెర్లిన్‌లో తొంభై దాటిన ఒక పెద్దావిడ ఇంట్లోనే ఉంటూ సేవ చేసిన బల్గేరియా మహిళ కేసు చూడండి. కాగితం మీద ఆమె పని వారానికి 30 గంటలు. రాత్రి కూడా గది తలుపు తీసిపెట్టి, పిలుపు కోసం చెవి ఒగ్గి పడుకున్నానని ఆమె కోర్టుకెళ్లింది. పిలుస్తారేమోనని కాచుకుని ఉన్న సమయమూ పనే, దానికీ కనీస వేతనం ఇవ్వాలని జర్మనీ అత్యున్నత కార్మిక న్యాయస్థానం 2021 జూన్‌లో తేల్చింది. ఈ లెక్కన ఇంట్లో సంరక్షణ మాకు అందుతుందా అని ఎన్నో కుటుంబాలు టెన్షన్ పడ్డాయి. ఆ భయాన్ని నేను తీసిపారేయను. పెన్షన్ మీద బతికే ఇంటికి ఇద్దరు మనుషుల జీతం భరించడం మాటలు కాదు.

కానీ ఆ అమ్మాయి నిద్రను కోసి డబ్బు మిగుల్చుకుంటే పెద్దావిడకు మేలు జరుగుతుందా? నిద్ర లేని చేతులు మనిషిని మంచం మీంచి లేపేటప్పుడు పట్టు తప్పుతాయి, మాత్రలు తారుమారు చేస్తాయి. అంతకన్నా బాధపెట్టే విషయం ఇంకొకటుంది. పాపం ఆ పిల్లకు ఇప్పుడే కునుకు పట్టింది, ఎందుకు లేపడమని చాలామంది పెద్దలు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం తగ్గించేస్తారు. మూత్రం బిగబట్టుకుని చీకట్లో కళ్లు తెరిచి పడుకుంటారు. అక్కడ ఇద్దరి హక్కూ ఒకేసారి పోతోంది.

ఖర్చును ఒక్కో ఇంటి నెత్తిన వదిలేసినంత కాలం ఇది మారదు. జర్మనీ 1995లో, జపాన్ 2000లో వృద్ధుల సంరక్షణకు విడిగా బీమా పెట్టాయి. జపాన్‌లో 40 ఏళ్లు నిండిన దగ్గర్నుంచి ప్రీమియం కట్టాలి, పెద్దలూ కడతారు. దారి మంచిదే. అయినా అక్కడ ఈ పనికి మనుషులు దొరకడం లేదు, జీతాలు తక్కువ కావడం అందుకో పెద్ద కారణం. పోగైన డబ్బు సేవ చేసే చేతి దాకా రావాలి. రాత్రికి వేరే మనిషి రావాలి.

ఇంట్లో మనిషిని పెట్టుకునేటప్పుడు భోజనం, గది, జీతం మాట్లాడుకుంటారు. రాత్రి ఎన్నిసార్లు లేవాలి, దానికెంత, మర్నాడు ఎన్ని గంటలు పడుకోవచ్చు అన్నవీ ఆ ఒప్పందంలోనే రాయించాలి, ఆమె పనిలో చేరకముందే.