చేయలేదా? అవును!

పోయిన శుక్రవారం నుంచి నేను లైసెన్స్ లేకుండా కౌన్సెలింగ్ చేసి పట్టుబడ్డ మనిషిని. పట్టించింది కూడా నేనే.

ముందు జరిగినది గబగబా చెప్పేస్తాను. అరవై క్రెడిట్ల మాస్టర్స్ చదివి, ఇంకొకరి పర్యవేక్షణలో 3,000 గంటలు పనిచేసి, 200 ప్రశ్నల జాతీయ పరీక్ష గట్టెక్కి సంపాదించుకున్న లైసెన్స్ నాది, మనసు బాధలు వినే కౌన్సెలర్‌గా. అమెరికాలో ఇది రాష్ట్రానికో తంతు. 1976లో వర్జీనియా మొదలుపెడితే, కాలిఫోర్నియా 2009 దాకా ఆలోచించుకుంది. రెండోవాడు పుట్టాక, నాలుగేళ్ల కిందట, నా లైసెన్స్‌ను ‘ఇన్‌యాక్టివ్’లో పెట్టించాను. రద్దు కాదు, గడువు తీరడమూ కాదు. ఇడ్లీ పిండిని ఫ్రిజ్‌లో పెట్టడం లాంటిది. పిండి ఉంటుంది, మనదే, కానీ ఇడ్లీ వేయకూడదు. తెనాలిలో ఉన్న మా అమ్మకు ఇదంతా వివరిస్తే, “మరి లైసెన్స్ లేకుండా కారెలా నడుపుతున్నావే?” అని కంగారుపడింది.

నిజం చెప్పాలంటే ఆ నాలుగేళ్లూ హాయిగానే గడిచాయి. ఏ పేరంటానికి వెళ్లినా ఎవరో ఒకరు పక్కకు లాగి కోడలి గురించి మొదలుపెట్టేవారు. “అయ్యో, నా లైసెన్స్ ఇన్‌యాక్టివ్ అండీ, చట్టం ఒప్పుకోదు” అని ప్లేటు పట్టుకుని జారుకునేదాన్ని.

ఇప్పుడు మళ్లీ పనిలో చేరదామని దరఖాస్తు పెట్టాను. శిక్షణ గంటలు పూర్తిచేశాను, రుసుము కట్టాను, వేలిముద్రల గొడవ ఇంకోసారి చెబుతాను. ఆన్‌లైన్ ఫారంలో చివరి పేజీకి వచ్చాను. అక్కడుంది ఆ ప్రశ్న. తెలుగులో చెప్పాలంటే, “ఇన్‌యాక్టివ్ కాలంలో మీరు కౌన్సెలింగ్ చేయలేదా?” కింద రెండు సున్నాలు: యెస్, నో.

ఇక్కడ కాస్త ఆగాలి. మనల్ని ఎవరైనా “అన్నం తినలేదా?” అని అడిగితే “అవును, తినలేదు” అంటాం. ముందు అడిగినవారి మాటకు తలూపి, తరువాత మన ఆకలి సంగతి చెప్పుకోవడం మన మర్యాద. ఇంగ్లీషుకు ఆ మొహమాటం లేదు. ప్రశ్న ఎటు తిరిగి కూర్చున్నా సరే, తింటే యెస్, తినకపోతే నో. ఇది నాకు తెలియదా? పన్నెండేళ్లుగా ఈ దేశంలో ఉన్నాను. ఇంగ్లీషులో పోట్లాడగలను, కూపన్ల విషయంలో గెలవగలను కూడా. కానీ రాత్రి పదకొండున్నరకు, చిన్నవాడు నా ఎడమ కాలి మీద నిద్రపోతుండగా, కాలు తిమ్మిరెక్కి కదలలేని స్థితిలో, నా కుడి చెయ్యి తెలుగులో ఆలోచించింది. అవును, చేయలేదు. యెస్ నొక్కాను. సంతకం కూడా పెట్టాను.

అయినా ఆ ప్రశ్న రాసిందెవరు? మాకు మొదటి సెమిస్టర్‌లో నేర్పే మొదటి పాఠం, అవును-కాదు అని జవాబు వచ్చే ప్రశ్నలు అడగొద్దని. “చెప్పండి, ఎలా గడిచింది?” అని అడగాలి, ఎదుటివారిని మాట్లాడనివ్వాలి. అలా అడగడం వచ్చినవాళ్లకే లైసెన్స్ ఇచ్చే బోర్డు, తన ఫారంలో మాత్రం చేయలేదా, యెస్, నో అంటుంది. పైగా సాంస్కృతిక వైవిధ్యం మీద శిక్షణ నాకు తప్పనిసరట!

శుక్రవారం ఉత్తరం వచ్చింది. నేను అంగీకరించిన అనధికార సేవల వివరాలు పంపాలట: క్లయింట్లెందరు, ఏ తేదీల్లో, ఎంత రుసుము తీసుకున్నాను.

ఉత్తరం చదవగానే నాకు నిజంగానే అనుమానం పట్టుకుంది. చేశానా? ఒక సంక్రాంతి విందులో ఒకావిడ నన్ను ఫ్రిజ్‌కూ గోడకూ మధ్య నిలబెట్టి, అబ్బాయి పెళ్లి గురించి గంటన్నర చెప్పింది. పారిపోయే దారి లేక “ఊఁ... ఊఁ” అన్నాను. మామూలు మనుషులకు ఊఁ కొట్టడం ఊఁ కొట్టడమే. మా పాఠ్యపుస్తకాల్లో మాత్రం దానికి ‘మినిమల్ ఎంకరేజర్’ అని పేరుంది, అభ్యాసం చేయిస్తారు, మార్కులు వేస్తారు. ఆ లెక్కన నేను గంటన్నర సేవలందించాను. రుసుము: రెండు అరిసెలు, ఒక డబ్బా సకినాలు. డబ్బా ఇంకా తిరిగి ఇవ్వలేదు.

సోమవారం బోర్డుకు ఫోన్ చేశాను. నలభై నిమిషాల సంగీతం తరువాత ఒకావిడ పలికింది.

“ఈ ప్రశ్నకు మీరు యెస్ అన్నారు.”

“యెస్” అన్నాను.

“అంటే చేశారు.”

“నో. నా ఉద్దేశం, యెస్, చేయలేదు అని.”

“చేయకపోతే జవాబు నో కదా?”

“యెస్.”

అటువైపు టకటకమని కీబోర్డు చప్పుడు. ఆ యెస్‌ను కూడా ఎక్కించుకుంటున్నట్టుంది. మా భాషలో ఎలా ఉంటుందో చెప్పబోయాను. అన్నం ఉదాహరణ ఎత్తుకున్నాను. “మీరు భోజనం చేయలేదా?” అని పాపం ఆవిడ నిజంగానే అడిగింది. అప్పుడు నా గొంతు లేచింది. వెంటనే ఆవిడ ఎంతో మెత్తగా, “మీ విసుగు నాకు అర్థమవుతోంది” అంది. ఆ వాక్యం నాది! దానికి నేను గంటకింత అని పుచ్చుకునేదాన్ని.

చివరకు తేలిందేమిటంటే, ఒకసారి పెట్టిన యెస్‌ను ఫోనులో తీయరు. నేను చేయలేదని నోటరీ ముందు ప్రమాణం చేసి, ఆ పత్రాన్ని ఫ్యాక్స్ చేయాలి. ఫ్యాక్స్ యంత్రం కోసం ఊళ్లో మూడు దుకాణాలు తిరిగాను. పత్రం కమిటీ ముందుకు వెళ్తుంది. కమిటీ రెండు నెలలకోసారి కూర్చుంటుంది. మొన్ననే కూర్చుని లేచిందట.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయన, ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టి, “లైసెన్స్ ఇంకా రాలేదా?” అన్నారు.

నేను పప్పు వడ్డించాను.